నాలుగు లైన్లు ఎక్కువైన పై కాగితం

ఆ ఆఫీసులో ఆమెను ఎదురుగా అందరూ మేడం అంటారు, వెనకాల కత్తెర అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగా ఉండేది. ఆఫీసన్నాక పేరు పెట్టకుండా ఎవరినీ వదలరు. ఒకాయన్ని నిద్రమాత్ర అంటారు, ఇంకొకాయన్ని రేపు రండి అంటారు. వాటితో పోలిస్తే కత్తెర గౌరవమైన పేరే.

ఆమె పని శాస్త్ర సలహా సంఘానికి మినిట్స్ రాయడం. ప్రభుత్వానికి ఏదైనా విషయం అంతుపట్టనప్పుడు, అంటే నది ఒడ్డున గోడ ఎంత ఎత్తు కట్టాలి, ఫలానా పురుగుమందును ఉంచాలా తీసెయ్యాలా, తాగే నీళ్ళలో ఏ ఉప్పు ఎంతవరకు ఉన్నా ఫర్వాలేదు, ఇలాంటివి వచ్చినప్పుడు ఏడుగురు తలపండిన వాళ్ళు ఒక పొడుగాటి బల్ల చుట్టూ కూర్చుంటారు. గొంతు బొంగురుపోయేదాకా వాదించుకుని చివరికి ఒక మాట చెబుతారు. ఆ మాట విని పైవాళ్ళు నిర్ణయం తీసుకుంటారు. వినడానికి ఎంతో సుఖంగా ఉంటుంది. కానీ ఆ ఏడుగురు మాట్లాడింది డెబ్భై పేజీలవుతుంది, మంత్రిగారికి చదివే తీరిక ఒక్క పేజీకే ఉంటుంది. అందుకని ఎప్పుడో ఎవరో ఒక పద్ధతి పెట్టారు. ఒక్క పేజీ పైకి వెళ్ళాలి, మిగిలిందంతా అనుబంధాల్లోకి పోవాలి. ఆ ఒక్క పేజీని పై కాగితం అంటారు. డెబ్భై పేజీలను ఒక్క పేజీ చేయడం కత్తెర పని.

ఇరవై రెండేళ్ళలో ఆమె పై కాగితం ఒక్కసారి కూడా రెండో పేజీలోకి జారలేదు. అక్షరాలు చిన్నవి చేయడం, అంచులు తగ్గించడం లాంటి దొంగపనులు ఆమెకు గిట్టవు. మాటలు తీసే కుదించేది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు మూడు నెలలు చెమటోడ్చి తెచ్చిన వాక్యాన్ని ఆమె ఐదు మాటల్లోకి దించితే, వాళ్ళే చదువుకుని, "ఇంతేనా నేను చెప్పింది? బాగుందే," అనేవాళ్ళు. ఆ తర్వాత అనుబంధాలన్నీ బొత్తిగా పెట్టి, తెల్లటి టేపుతో రెండు చుట్లు చుట్టి, ముడి చివర లోపలికి దోపి పైకి పంపేది. నెల తిరిగేసరికి ఆ బొత్తి భద్రపరచడానికి తిరిగి వచ్చేది. ముడి ఎలా దోపిందో అలాగే ఉండేది. మొదట్లో ఒకటి రెండుసార్లు ఆమెకు చివుక్కుమంది. తర్వాత అలవాటైపోయింది.

ఆమెకు సొంత మనిషంటే చెల్లెలొక్కతే. తల్లి పోయినప్పుడు ఈమెకు పంతొమ్మిదేళ్ళు, చెల్లెలికి ఏడు. జడలు వేయడం దగ్గర్నుంచి పెళ్ళి చేయడం దాకా అన్నీ ఈమె చేతుల మీదుగానే జరిగాయి. ఆ సందడిలో తన పెళ్ళి మాట ఎవరికీ గుర్తు రాలేదు, గుర్తు చేయడానికి ఈమెకు నోరు రాలేదు. చెల్లెలి మొగుడు బస్సు డిపోలో మెకానిక్. ఇద్దరూ ఊరి చివర వరస ఇళ్ళలో ఉంటారు. ఒకప్పుడు రాతి గనిలో పనిచేసేవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు అవి. గని మూతపడి చాలా కాలమైంది. తవ్వి పారబోసిన మట్టి మాత్రం ఇళ్ళ వెనకే గుట్టగా ఉండిపోయింది. దాని మీద గడ్డి మొలిచింది, మేకలు మేసేవి. అది ఎవరో పోసిన మట్టి అన్న సంగతే జనం మరిచిపోయారు.

వేసవి మధ్యలో ఒక ఆదివారం ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళింది. చెల్లెలు ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నోట్లో సూది పెట్టుకునే మాట్లాడటం దాని అలవాటు. ఆ రోజు మిషను వదిలేసి అక్కను చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"ఇది చూడక్కా. మన అదృష్టం. బట్టలుతుక్కోడానికి కుళాయి దగ్గర నిలబడక్కర్లేదు."

పెరటి గోడ కింద నుంచి నీళ్ళు ఊరుతున్నాయి. సన్నగా, తేటగా, చప్పుడు లేకుండా వస్తున్నాయి. మూడు వారాల నుంచి ఆగలేదట. ఆ మూడు వారాల్లో ఆకాశం నుంచి ఒక్క చుక్క పడలేదు. కత్తెర వంగి నీళ్ళలో వేలు పెట్టింది. ఆ ఎండలోనూ చల్లగా ఉన్నాయి. వంటింటి వెనక తలుపు సగం దాకా వచ్చి ఆగిపోతోంది. చెల్లెలి మొగుడు కింది చెక్క రెండుసార్లు చిత్రిక పట్టాడు, అయినా పట్టేస్తూనే ఉంది.

"ఇల్లు పాతదైంది వదినా. మనకి కీళ్ళనొప్పులు వచ్చినట్టు దానికీ వస్తాయి," అని నవ్వాడు మరిది.

ఆమె కూడా నవ్వింది. కానీ తిరిగి వస్తూ బస్సు కిటికీలోంచి ఆ గుట్ట కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది. ఎందుకో ఆమెకు అప్పుడు తెలియలేదు. పదిహేను రోజుల తర్వాత తెలిసింది.

ఆ పదిహేను రోజులకు సంఘం సమావేశమైంది. మొదటి అంశం ఆ గుట్ట. మొదలుపెట్టే ముందు అధ్యక్షుడు ఎప్పటిలాగే అడిగాడు. ఆయన పదవీ విరమణ చేసిన ప్రొఫెసరు, పద్ధతి తప్పని మనిషి. "ఈ విషయంలో ఎవరికైనా సొంతవాళ్ళు గానీ, సొంత లాభం గానీ ఉన్నాయా? ఉంటే చెప్పి బయటికి వెళ్ళొచ్చు." అలా అడగడం నియమం. ఒకసారి ఒక సభ్యుడు తన బావమరిదికి ఎరువుల దుకాణం ఉందని ఒప్పుకుని, రెండు గంటలు వరండాలో కూర్చుని ఆరు టీలు తాగాడు. ఈసారి ఎవరూ పలకలేదు. అధ్యక్షుడి చూపు ఏడుగురి మీదుగా వెళ్ళింది. బల్ల చివర పెన్ను పట్టుకుని కూర్చున్న మనిషి దాకా రాలేదు. మినిట్స్ రాసే మనిషి సభ్యురాలు కాదు కదా. ఆమె నోరు విప్పబోయి, నీళ్ళు నమిలి, "ఎవరికీ లేవు" అని రాసుకుంది.

సంఘంలోకి కొత్తగా వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త లేచాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మాట్లాడే ఈ పెద్దమనిషికి రెండో సమావేశానికే రాళ్ళ మాస్టారు అన్న పేరు స్థిరపడింది.

"గుట్ట లోపల నీళ్ళు నిండుతున్నాయి. పైకి గట్టిగానే కనబడుతుంది, మోసపోకండి. నేను పాతిన గుర్తు కర్రలు పోయిన నెలలో జానెడు కిందికి వచ్చాయి. అడుగున ఊట మొదలైంది. ఇది రేపు జరిగే సంగతి కాదు, ఇప్పటికే జరుగుతోంది. మొదటి పెద్ద వాన చాలు. ముందు మూడు వరసల ఇళ్ళు వానలు రాకముందే ఖాళీ చేయించాలి."

కత్తెర పెన్ను ఆగలేదు. ఆ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. చెల్లెలి ఇల్లు మొదటి వరసలో ఏడోది.

"ఎన్ని నెలల కొలతలున్నాయి మాస్టారూ?" అని అడిగింది గణాంకాల ప్రొఫెసరు. కొలతలు సరిగా లేకుండా మాట్లాడితే సొంత తండ్రినైనా వదిలే మనిషి కాదావిడ.

"నాలుగు."

"నాలుగు చుక్కలు కలిపి గీత గీస్తే, అది ఎటు పోతుందో నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు."

"నిజమే. ఆ సంగతి గుట్టకి తెలియదు కదమ్మా," అన్నాడు రాళ్ళ మాస్టారు. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

గంటన్నర నడిచింది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరూ మూర్ఖులు కారు. వంద మందిని ఇళ్ళలోంచి లేపి, తీరా ఏమీ జరక్కపోతే రేపు ఈ సంఘం చెప్పే మాట ఎవరు నమ్ముతారని ఒకరన్నారు. అదీ ఆలోచించాల్సిన మాటే. చివరికి అధ్యక్షుడు అందరూ ఒప్పుకున్నంతవరకు చెప్పి రాయించాడు. గుట్టలో కదలిక ఉన్నట్లు ప్రాథమిక కొలతలు సూచిస్తున్నాయి, మరిన్ని కొలతలు అవసరం, పరిస్థితిని జాగ్రత్తగా గమనిస్తూ ఉండాలి. దాని కింద, మొదటి పెద్ద వానకే గుట్ట జారవచ్చని, మూడు వరసలు ఖాళీ చేయించాలని ఒక సభ్యుడి అభిప్రాయం.

మర్నాడు ఆమె పై కాగితం టైపు చేసింది. నాలుగు లైన్లు ఎక్కువొచ్చాయి.

ఆమెకు ఇది కొత్త కాదు. ఇంకో రోజైతే మొదటి పేరాలో సంఘం పుట్టుపూర్వోత్తరాలు కొట్టేసేది. లేదా కొలతలు తీయడానికి సహకరించిన శాఖకు చెప్పిన ధన్యవాదాలు కొట్టేసేది. ఒక్కడి అభిప్రాయమైతే అనుబంధంలో వేయడం మామూలే గానీ, అది కొండమీది శాసనమేమీ కాదు. ముఖ్యమనిపించినప్పుడు ఆమే ఎన్నోసార్లు పైన ఉంచింది, ఎవరూ ఎందుకని అడగలేదు. ఈ రోజు మాత్రం ధన్యవాదాలు కొట్టేయబోయి ఆగింది. ఇవి తీసి ఆ మాట పైన ఉంచుతున్నావంటే ఎవరి కోసం ఉంచుతున్నట్టు? మీ చెల్లెలి కోసం కాదూ? ఆ వరసలో నీ చెల్లెలు లేకపోతే ఉంచేదానివా? ఇరవై రెండేళ్ళు ఒక్క అక్షరం సొంతానికి వాడుకోలేదు, ఇప్పుడు ఒళ్ళు తెలియకుండా ఆ పనే చేస్తున్నావా? ఇలా తనను తానే నిలదీసుకుంటూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. కాగితాన్ని మూడుసార్లు మార్చింది, మూడుసార్లూ మళ్ళీ మొదటికి తెచ్చింది. చివరికి నియమం ఏం చెబుతోందో అదే చేసింది. ఒక సభ్యుడి అభిప్రాయం మూడో అనుబంధంలోకి వెళ్ళింది. పేజీ చక్కగా సరిపోయింది.

నా మట్టుకు నాకు ఆ మధ్యాహ్నం తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. దొంగతనం చేయకూడదని సొంత ఇంటి తలుపు కూడా తీయనివాళ్ళు లోకంలో ఉంటారు. వాళ్ళను నిజాయితీపరులనే అంటాం, ఇంకేమనాలో మనకు తెలియదు కాబట్టి.

సంతకాలకు తీసుకువెళ్ళినప్పుడు రాళ్ళ మాస్టారు కళ్ళజోడు కిందికి దించి రెండుసార్లు చదివాడు.

"నా మాట ఎక్కడమ్మా?"

"మూడో అనుబంధంలో ఉంది మాస్టారూ. మీరు చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం మార్చలేదు."

"పూర్తిగా ఉందా?"

"నాలుగు పేజీలూ ఉన్నాయి. పటాలతో సహా."

"ఉంది కదా. అయితే సరే," అని పొడి సంతకం పెట్టాడు. సంఘానికి కొత్త మనిషి. రాసినదాన్ని చదువుతారనుకున్నాడు. చదవరని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆయన ముందు నిలబడి, కాగితం అందుకుని, థాంక్సండీ అని వచ్చేసింది.

నిర్ణయం పదిరోజుల్లో వచ్చింది. కొలతలు కొనసాగించాలి, వానాకాలం ముగిశాక మళ్ళీ పరిశీలించాలి. వరస ఇళ్ళ మొదట్లో నోటీసు అంటించారు. నిపుణుల సంఘం పరిస్థితిని జాగ్రత్తగా గమనిస్తోంది, ప్రజలు పుకార్లు నమ్మవద్దు. ఆ రెండు వాక్యాల మధ్య గుట్ట ఇంకో జానెడు దిగింది. అది కొలిచిన కాగితం రాళ్ళ మాస్టారు పంపాడు. తర్వాతి సమావేశం అంశాల్లో ఐదోదిగా చేర్చారు.

తర్వాతి ఆదివారం చెల్లెలు మిషను ఆపి, నోట్లోంచి సూది తీసేసి అడిగింది. సూది తీసిందంటేనే అది మాటవరసకు అడిగేది కాదని అర్థం.

"అక్కా, నువ్వు అక్కడే కూర్చుంటావు కదా. చెప్పు. మేం ఉండొచ్చా?"

ఉద్యోగంలో చేరిన రోజు కత్తెర ఒక కాగితం మీద సంతకం పెట్టింది. లోపల విన్నది బయట చెప్పను అని. ఎన్నో సంగతులు కడుపులో దాచుకుంది, దాచుకోవడం కష్టమని ఎన్నడూ అనిపించలేదు. ఇప్పుడు చెల్లెలు కుట్టిన యూనిఫారం ఒకటి తీసి మడత పెట్టింది.

"కంగారు పడాల్సిందేమన్నా ఉంటే నోటీసులో వచ్చేదే కదే," అంది.

"నువ్వు నా మొహం చూసి చెప్పు."

చూసి చెప్పింది. "సంఘం ఖాళీ చేయమనలేదు." అది నిజమే. ఒక్కడన్నాడు, సంఘం అనలేదు. ఇంత అందంగా నిజం చెప్పడం ఇరవై రెండేళ్ళ సాధన ఉన్నవాళ్ళకు గానీ చేతకాదు. చెల్లెలి భుజాలు దిగాయి. సూది మళ్ళీ నోట్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం అక్క బస్సెక్కాక అది ముందు మూడు వరసల్లో ఇంటింటికీ వెళ్ళి, మా అక్క ఆ సంఘంలోనే పనిచేస్తుంది, అడిగాను, భయమేమీ లేదంది అని చెప్పిన సంగతి ఈమెకు తెలియదు. సామాన్లు కట్టుకున్న రెండు కుటుంబాలు ఆ మాట విని మూటలు విప్పేశాయి.

ఆకాశం మబ్బు పట్టిన బుధవారం నాడు బొత్తి తిరిగి వచ్చింది. రేపటి నుంచి భారీ వర్షాలని పొద్దున్నే రేడియోలో చెప్పారు. కత్తెర బొత్తిని బీరువాలో పెట్టబోయి ఆగింది. తెల్లటి టేపు, రెండు చుట్లు, చివర లోపలికి దోపి ఉంది. ఎవరూ విప్పలేదు. మూడో అనుబంధం అడుగున ఉంది, దాని అంచులు ఒక్క చెయ్యి తగలనట్టు పదునుగానే ఉన్నాయి. ఇదేమీ ఆమెకు కొత్త వార్త కాదు. కానీ తెలిసిన సంగతి చేతిలోకి వచ్చి కూర్చుంటే వేరే రకంగా తెలుస్తుంది. బీరువా తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బొత్తి తీసుకుని పై అంతస్తులో కార్యదర్శి గదికి వెళ్ళింది. నిర్ణయాల కాగితాలు ఆయన చేతుల మీదుగానే మంత్రిగారి దగ్గరికి వెళతాయి. పద్నాలుగేళ్ళ పరిచయం, నెమ్మదైన మనిషి. ఆమె మూడో అనుబంధం విప్పి ముందు పెట్టింది. ఆయన నాలుగు పేజీలూ శ్రద్ధగా చదివాడు. చదువుతున్నంతసేపూ కిటికీ అద్దం మీద చినుకులు ఒక్కొక్కటీ పడుతున్నాయి.

"ఇంత ముఖ్యమైతే పై కాగితంలో పెట్టేవాళ్ళు కదా మేడం?"

"చోటు చాల్లేదు సార్."

ఆయన కాగితంలోంచి తలెత్తి చూశాడు. "ధన్యవాదాలకు చోటుంది."

ఆమె ఆ నాలుగు పేజీలూ ఆయన ముందుకు ఇంకాస్త జరిపింది.

"చూడండి, సంఘం ఏం చెప్పిందో మేం అదే చేశాం. ఇప్పుడు ఒక సభ్యుడి మాట పట్టుకుని నేను వంద మందిని లేపితే, సంఘం ఎందుకు మరి అంటారు. అధ్యక్షుడుగారి దగ్గర్నుంచి ఒక్క లైను తీసుకురండి. గంటలో ఉత్తర్వు ఇప్పిస్తాను."

అధ్యక్షుడు వేరే ఊళ్ళో సదస్సులో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఉపన్యాసంలో ఉన్నారన్నారు. ఆ గదిలో నిలబడి ఆమె ఒక మాట అనబోయింది. నా చెల్లెలు అక్కడే ఉంటుంది సార్ అని. నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఓహో, ఇదా సంగతి అనుకుంటారు. రాళ్ళ మాస్టారి నాలుగు పేజీలూ తన చెల్లెలి గోడు అయిపోతాయి. సొంత బాధలా వినబడితే శాస్త్రానికి విలువ పోతుందని, ఆ మాటను కూడా మింగేసింది.

మధ్యాహ్నం రెండు గంటలకు సెలవు పెట్టి వరస ఇళ్ళకు బయల్దేరింది. బస్సు దిగేసరికి వాన పట్టుకుంది. పెరట్లో ఊట తేటగా లేదు. బురద రంగులో, వేలెడు లావున పొంగుతోంది. వెనక తలుపు అసలు కదలనే కదలటం లేదు. ఆమె తడిసిన చీరతోనే నిలబడి, సంతకం పెట్టిన కాగితాన్ని తుంగలో తొక్కి, అంతా చెప్పింది. ఒకాయన ఏమన్నాడో, అది ఎక్కడ పెట్టిందో, ఎందుకు పెట్టిందో, ఏదీ దాచలేదు.

చెల్లెలు అరవలేదు. ఏడవలేదు. మిషను మీద గుడ్డ కప్పింది.

"నా కోసం తీసేశావా? నేనున్నానని?"

"నువ్వున్నావని ఉంచానేమో అని భయమేసింది."

"నాకు అర్థం కాలేదక్కా."

"నాకూ అర్థం కావట్లేదే. పద, ముందు పద."

"ఎక్కడికి? నేను పంతొమ్మిది ఇళ్ళకి చెప్పాను, మా అక్క భయం లేదంది అని." గోడకున్న గొడుగు తీసుకుంది. "వాళ్ళకి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?"

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద ఇంటింటికీ తిరిగారు. కొందరు మాట పూర్తికాకుండానే పిల్లల్ని చంకనేసుకున్నారు. కొందరు గుమ్మంలోంచి కదల్లేదు. "మొన్న భయం లేదంటివి, ఇవాళ ఉందంటివి. మీ అక్కాచెల్లెళ్ళిద్దరూ ముందు ఒక మాట మీదికి రండమ్మా," అన్నాడొక ముసలాయన, కోపంగా కాదు, నవ్వుతూనే. ఇంకొకావిడ నోటీసు చూపించింది. దాని మీద ప్రభుత్వ ముద్ర ఉంది, ఈ తడిసిన ఇద్దరి మీద ఏ ముద్రా లేదు. చీకటి పడేలోపు పదకొండు ఇళ్ళు ఖాళీ అయ్యాయి. మరిది డిపోలో రెండు పాత బస్సులు తెరిపించి అందరినీ వాటిలో కూర్చోబెట్టాడు. ఎనిమిది ఇళ్ళు మిగిలాయి.

తెల్లవారినా వాన ఆగలేదు. కత్తెర బస్సు సీట్లో కూర్చునే కునికింది. లేచేసరికి అధ్యక్షుడి నుంచి ఫోన్. రాత్రే కబురు అందిందట, పొద్దున తొమ్మిదికల్లా ఆఫీసుకి రండి, ఫోన్‌లో చెబుతాను, ఆ ఒక్క లైను టైపు చేసి కార్యదర్శికి ఇవ్వండి అన్నాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చెల్లెలు బస్సు మెట్టు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది.

"నువ్వెక్కడికే?"

"మిగతా ఎనిమిది ఇళ్ళకీ. రాత్రి చీకట్లో కంగారుగా చెప్పాం. వెలుతురులో నిదానంగా చెబితే వింటారు."

"ఉత్తర్వు వస్తుంది. పది గంటలకల్లా పోలీసులే వచ్చి ఖాళీ చేయిస్తారు. నువ్వు వెళ్ళకు."

"పదికొస్తే మంచిదే. నీ పని నువ్వు చెయ్యి, నా పని నన్ను చెయ్యనీ." లేచి కొంగు నడుముకు బిగించుకుంది. "నేను చెప్పిన మాట కదక్కా అది."

ఆపాల్సింది. చెయ్యి పట్టుకుని లాగాల్సింది, అవసరమైతే ఒక్కటి వేయాల్సింది. చిన్నప్పుడు రోడ్డు దాటుతుంటే అలాగే లాగేది. కానీ తొమ్మిదికి ఆఫీసులో ఉండాలి, ఆ ఒక్క లైను తను తప్ప ఇంకెవరు టైపు చేస్తారు? ఆమె బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఉత్తర్వు మీద సంతకం పది గంటల ఐదు నిమిషాలకు పడింది. గుట్ట అప్పటికి పావుగంట ముందే కదిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదని డిపోలో వాళ్ళు తర్వాత చెప్పారు. ముందు పక్షులన్నీ ఒక్కసారి లేచాయట. తర్వాత మొదటి వరస లేదు, రెండో వరస లేదు, మూడో వరసలో సగం లేదు. ఎనిమిది ఇళ్ళలో మూడిళ్ళవాళ్ళు చెల్లెలి మాట విని అప్పుడే రోడ్డెక్కారు, బతికారు. చెల్లెలు నాలుగో ఇంటి దగ్గర ఉంది. మర్నాడు సాయంత్రం దొరికింది. ఆ నవ్విన ముసలాయన పక్కనే ఉన్నాడు.

సంఘం తర్వాత సమావేశమైంది. పద్ధతి ప్రకారం అన్నీ సక్రమంగానే జరిగాయని తేలింది. మూడో అనుబంధం ఉండాల్సిన చోటే ఉంది. రాళ్ళ మాస్టారు ఆ సమావేశానికి రాలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. కత్తెరను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఐదో రోజున కార్యదర్శి ఆమె ఇంటికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, కారు వీధి చివరే ఆపుకుని నడిచి వచ్చాడు. కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాడు. గోడ పక్కన మరిది చాప మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్ర పోలేదు. ఆఫీసులో అందరికీ ఆ రోజే తెలిసిందట, పోయినవాళ్ళలో ఆమె చెల్లెలు ఉందని.

"ఏం మేడం ఇది," అన్నాడు. ఆయన కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. "మీ చెల్లెలు అక్కడుంటుందని నాకు ఒక్క మాట చెప్పొద్దూ? ఆ రోజు నా గదిలో నిలబడి ఇన్ని చెప్పారు, ఇది చెప్పలేదు. చెప్పి ఉంటే అధ్యక్షుడి లైను కోసం చూసేవాణ్ణా? ఉత్తర్వు సంగతి తర్వాత చూసుకుందామని అప్పటికప్పుడు ఫోన్ చేసి మూడు వరసలూ ఖాళీ చేయించేవాణ్ణి. మన మనిషి కదా."

చాప మీద మరిది కదిలాడు. ఇటు తిరగలేదు.

కార్యదర్శి ఓదార్పుకు అన్న మాట కాదది. పద్నాలుగేళ్ళుగా చూస్తోంది ఆయన్ని. డ్రైవరు తల్లికి ఆసుపత్రిలో మంచం దొరక్కపోతే ఆయన ఒక్క ఫోన్ చేశాడు, అరగంటలో దొరికింది. గుమాస్తా కొడుకును ఎవరో కొట్టారంటే ఇంకో ఫోన్ చేశాడు. ఆమె చెప్పి ఉంటే ఆ సాయంత్రమే మూడు వరసలూ ఖాళీ అయ్యేవి. పంతొమ్మిది ఇళ్ళూ, ఆ ముసలాయనా, అందరూ డిపో బస్సుల్లో కూర్చుని ఆ వానను తిట్టుకుంటూ ఉండేవాళ్ళు. అది ఆమెకు ఖాయంగా తెలుసు. ఆయన ఆమె ముఖం చూసి, తను ఏదో అనకూడనిది అన్నానేమోనని కంగారుపడి, వెంటనే లేచి, మంచినీళ్ళు కావాలా మేడం అని అడిగాడు.